పెల్లెట్ పొయ్యికి వాస్తు

మా ఆడబిడ్డ భర్తను నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. మర్యాద ఆ పిలుపు వరకే. మేము సిడ్నీలో అద్దెకున్నన్నాళ్ళూ ఫోన్‌లో దిక్సూచి తెరిచి పట్టుకుని వచ్చేవాడు. మా మంచం జరిపించాడు, అద్దం తీయించాడు, నా ఆఫీసు బల్లను గ్యారేజీలోకి తోయించాడు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు తిరుగుతాడు కాబట్టి దిక్కులు తలకిందులు చేయాలా వద్దా అన్నది కూడా ఏడాదికో రకంగా ఆయనే తేలుస్తాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ఆయన తన అక్క ముఖం చూసి ఊరుకునేవాడు, నేను పళ్ళు నూరుకునేదాన్ని.

సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో బొగ్గు గనుల కాలం నాటి ఇటుకల ఇల్లు కొన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఇంట్లో ఆయన వేలు పెట్టనివ్వనని.

ముందుగది గోడలో బొగ్గు మండించే పాత ఫైర్‌ప్లేస్ ఉంది. అందులో పెల్లెట్ స్టవ్ అమర్చాలనుకున్నాం. పైన డబ్బాలో చెక్కపొట్టు గుళికలు పోస్తే కొంచెం కొంచెంగా జారి కింద మండుతాయి. చిక్కేమిటంటే, ఫైర్‌ప్లేస్ లోపలి నేల ముందున్న రాతి అరుగు కంటే పల్లంగా ఉంది, వెనక్కి పోనుపోను కుంగింది కూడా. స్టవ్ ముందు భాగం రాతి మీద ఆనుతుంది, వెనక భాగం గాలిలో ఉంటుంది. వీలైనంత మసి గోకి, వేడికి తట్టుకునే ఇటుకలు పరిచి, వాటి మీద ఇనుప పలక వేసి నేనే ఆధారం కట్టాను. స్టవ్ అడుగున ఉన్న బోల్టులను స్పానర్‌తో తిప్పుతూ, రసమట్టంలో బుడగ అటూ ఇటూ నడిమధ్యకు వచ్చేవరకు నేల మీద పొర్లాడాను. పొగగొట్టం బిగించడానికి వచ్చిన లైసెన్సు మనుషులు తమ రసమట్టం పెట్టి చూసి, మారుమాట లేకుండా పని చేసుకుపోయారు. ఆ సాయంత్రం మంట నిటారుగా లేచింది. ఆఫీసు ఫోన్ కూడా ఎత్తకుండా దాని ముందే కూర్చున్నాను.

ఊళ్ళో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కనుక దర్శనానికి వచ్చిన మనవాళ్ళందరికీ మధ్యాహ్నం మా ఇల్లే సత్రం. ఒక శనివారం వదిన, అన్నయ్యగారు వచ్చారు. గుడికి బయల్దేరుతుంటే ఆయన మోకాలు నొప్పి అని ఆగిపోయాడు. మేము తిరిగొచ్చేసరికి సోఫాలో కూర్చుని ప్రసాదం కోసం చెయ్యి చాపాడు. ప్యాంటు మోకాళ్ళకు మసి ఉంది. నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక స్టవ్ వెలిగించాను. గుళికలు ఒక పక్కకే కుప్పపడ్డాయి, అద్దం నల్లబడింది, ఎర్ర లైటు వెలిగి స్టవ్ దానంతటదే ఆగిపోయింది. రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఓ మూలకు పోయి కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మోకాళ్ళు. ఫోన్ చేశాను.

"నేనే అమ్మా అడ్జస్ట్ చేసింది," అన్నాడు నిక్షేపంగా. "నైరుతి కొంచెం లేపి ఈశాన్యం దించా. ఫైర్ ఉన్నచోట అంత ఫ్లాట్‌గా ఉంటే ఇంటి ఆడదానికి హెల్త్ ఇష్యూస్ వస్తాయి. మీ మంచికే చేశాలే, థాంక్స్ ఏం చెప్పక్కర్లేదు."

నా ఒళ్ళు మండిపోయింది. మా ఆయన స్పానర్ తీసుకుని, "పోనీలే, ఐదు నిమిషాల పని, నేను సరిచేస్తా," అన్నాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాను. తిప్పిన చెయ్యే మళ్ళీ తిప్పాలి, అదీ నలుగురి ముందు. ఆ వారమంతా రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగాను. చలేస్తున్నకొద్దీ నా కసి పెరిగింది.

మరుసటి శనివారం వాళ్ళిద్దరితో పాటు, ఆయన వాస్తు చెప్పిన కుటుంబాలన్నిటినీ భోజనానికి పిలిచాను. గుత్తివంకాయ కూర వండాను. ఆయన్ను స్టవ్ పక్కనే కూర్చోబెట్టాను.

"ఈ స్టవ్ అన్నయ్యగారే వాస్తు ప్రకారం సర్దారు," అని అందరికీ చెప్పాను. "మీ చేత్తోనే వెలిగించండి అన్నయ్యగారూ."

ఆయన ఉబ్బిపోయి, ఈశాన్యం గురించి ఉపన్యాసం ఇస్తూ బటన్ నొక్కాడు. ఉపన్యాసం సాగుతుండగానే ఎర్ర లైటు వెలిగింది, స్టవ్ ఆగింది. అందరూ జాకెట్లు తొడుక్కున్నారు.

"మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ అయుంటది," అన్నాడు.

నేను రసమట్టం తెచ్చి స్టవ్ మీద పెట్టాను. పక్కనే కూర్చున్న ఆవిడ వంగి చూసి, "ఇదేంటి అంకుల్, బుడగ మూలకెళ్ళిపోయింది?" అంది. నేను స్పానర్ ఆయన చేతిలో పెట్టాను.

"మీరు తిప్పిందే కదా, మీరే తిప్పండి. నాకు దిక్కులు తెలీవు."

పట్టు లాల్చీతో బోర్లా పడుకుని, స్టవ్ పక్కనున్న రేకు తీసి, మసిలోకి చెయ్యి దూర్చాడు. నేను టార్చి పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం," అన్నాను. బుడగ మధ్యకు వచ్చాక కూడా ఇంకో చుట్టు తిప్పించి, మళ్ళీ వెనక్కి తిప్పించాను. కావాలనే చేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నేను మళ్ళీ బటన్ నొక్కితే మంట తిన్నగా లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు. వదిన లేచి వచ్చి, నేల మీదున్న ఆయన చేతిలోంచి స్పానర్ తీసుకుంది.

"ఇది నేను పట్టుకెళ్తా అమ్మాయ్. మా ముందు తలుపుకు ఇల్లు కొన్నప్పుడే ఈయన బోల్టులు బిగించేశారు. చుట్టాలొచ్చినా, నేనొచ్చినా గ్యారేజీలోంచే. ఇవాళ వెళ్ళగానే విప్పేస్తా."

"అది సౌత్ ఫేసింగే..." అన్నాడు ఆయన, ఇంకా బోర్లానే ఉండి.

"తెలుసండీ," అంది వదిన.

నా పగ ఒక వారానిది. ఆమెది ఎన్నేళ్ళదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ బోల్టులు ఏ సైజువో అని, గ్యారేజీలోకి వెళ్ళి మిగతా స్పానర్లు కూడా తెచ్చి ఆమె సంచిలో వేశాను.