రాతిపొడీ, మౌసు చక్రం, నేను రాసిన ఫిర్యాదు

ఎనిమిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకర్నొకరం ఓర్చుకోలేక, ఇద్దర్లో ఎవరో ఒకరు బడి మానేయాల్సి వచ్చింది. ఆయనకు పెళ్లాం పిల్లలు ఉన్నారు కాబట్టి నేనే మానేశా. అట్లాంటి నేను, ఎక్కడో దేశాల అవతల కూర్చుని కంప్యూటర్లకు ప్రాణం పోసేవాళ్లకు, "మీరు చేసిన దాంట్లో ఈ ఇబ్బంది ఉంది" అని రాశానంటే మా సారు నమ్మడు. నమ్మినా, ముందు అచ్చుతప్పులు దిద్దుతాడు.

నంద్యాల్లో నాకు పాత కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. బాగుచేయడమంటే సగం దుమ్ము దులపడం. మిగతా సగం, కస్టమర్ చూస్తున్నప్పుడు గట్టిగా నిట్టూర్చడం. నా దగ్గరికి వచ్చేవన్నీ వయసు మళ్లిన మిషన్లే. అందరూ వాడే సిస్టం వాటిలో వేస్తే, ఆన్ చేసి స్నానానికి పోయి రావచ్చు. అందుకని నేనొక చిన్న ఆపరేటింగ్ సిస్టం వేస్తా. పిడికెడు మంది కలిసి తీరిక వేళల్లో తయారుచేసి ఊరికే పంచిపెడుతున్నది. ముసలి మిషన్ మీద కూడా చకచకా నడుస్తుంది. కాకపోతే దాని పేరు మా జిల్లాలో ఎవరూ విని ఉండరు. ఒకాయనకు పేరు చెబితే, "పరగడుపున వేసుకోవాల్నా, అన్నం తిన్నాకనా?" అని అడిగాడు.

మా అక్కకు వేసిచ్చింది అదే.

అక్క అంటే మా పెద్దనాయన కూతురు. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బళ్లో పన్నెండేళ్లు పాఠాలు చెప్పింది. అక్కడి హెడ్మాస్టరమ్మ గడియారం పట్టుకుని గేటు దగ్గర నిలబడే రకం. ఒకరోజు అక్కకు చాలనిపించి, బడి మానేసి, శిల్పులు బొమ్మలు చెక్కే వీధిలో ఒక గది బాడుగకు తీసుకుంది. జిరాక్సు, ప్రింటు, దరఖాస్తులు నింపడం. బడి మానేయడంలో మా వంశంలో నేను పెద్దవాణ్ని కాబట్టి ఆమెకు నేనే దారి చూపించానని చెప్పుకుంటూ తిరిగా.

ఆ వీధిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలి చప్పుడే. శిల్పులకు రాతి పని ఎంత ఉంటుందో కాగితం పని కూడా అంతే ఉంటుంది. ఎవరో ఫోటో పంపించి, ఇట్లాంటి బొమ్మ చెక్కియ్యమంటారు. ఆ ఫోటో మీద అడ్డంగా, నిలువుగా గళ్లు గీసి, కొలతలు వేసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీయాలి. ఆ గళ్లను బట్టి రాతి మీద గుర్తులు పెట్టుకుంటారు. ఇన్నాళ్లూ దానికోసం వాళ్లు నంద్యాలకు పోయి వచ్చేవాళ్లు. ఆ వీధిలోకెల్లా పెద్ద షెడ్డు మేస్త్రి అక్కతో ఒక మాట అన్నాడు. "మూడు వారాలు చూస్తా పాపా. పని కుదిరితే మా షెడ్డు కాగితాలన్నీ నీ కాడికే." ఆ పని దొరికితే అంగడి నిలబడినట్టే. దొరక్కపోతే మళ్లీ గేటు, గడియారం, హెడ్మాస్టరమ్మ.

మొదటి వారంలోనే ఫోన్ వచ్చింది.

"రేయ్, అంతా పాయె!"

"ఎవురు పాయె క్కా?"

"నోరు మూసుకోని విను. గళ్లన్నీ గీసినా. మేస్త్రి చూసి బాగుండాదన్నాడు. ఆయప్ప అట్ల బయటికి పోయినాడో లేదో, స్క్రీన్ మీద ఏమీ లేదు. తుడిచిపెట్టినట్ల ఉండాది."

"సేవ్ చేసినావా?"

"చేసేలోపలే పాయె అంటాండా గదా."

"మరి నువ్వేం చేసినావు?"

"స్విచ్చి ఆపి మళ్లా ఏసినా. బుద్ధొస్తాదేమోనని."

"నువ్వే ఏదో నొక్కింటావు," అన్నా. మిషన్లు బాగుచేసేవాళ్లం అందరం మొదట నేర్చుకునే మాట అదే.

రెండో వారం కూడా అంతే. ఈసారి గళ్లు గీసి పెట్టిన ఏనుగు బొమ్మ పాయె. మూడో వారం ఆమె గొంతు మారింది. ఉయ్యాలవాడ వైపు ఒక రైతు, చనిపోయిన తన నాయన బొమ్మ చేయించుకుంటున్నాడట. తలపాగా, మెలితిప్పిన మీసం. మేస్త్రి ఆ ఫోటో తెచ్చి, "ఈ పెద్దాయనన్నా చేతికి రావాల. రేపు మధ్యాన్నానికి ప్రింటు రాకపోతే, ఏమీ అనుకోవద్దు, నంద్యాలకే పోతా," అన్నాడట.

"రేయ్," అంది అక్క, "ఆ బడి గేటు కాడికి మళ్లా పోయి నిలబడలేనురా."

"నేనే వచ్చి చూస్తాలే క్కా," అన్నా.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కా. సంచిలో ఒక హార్డ్ డిస్కు, రెండు వైర్లు, మూడు రకాల సాకులు పెట్టుకున్నా. శిరివెళ్ల దాటేసరికి సాకులు రెండే మిగిలాయి. మూడోది నాకే నమ్మబుద్ధి కాలేదు.

అక్క నన్ను మూల స్టూలు మీద కూర్చోబెట్టి, చేతిలో బొరుగుల ఉగ్గాని ప్లేటు పెట్టి పనిలో పడింది. నేను తింటూ చూశా. గంటయినా ఏమీ కాలేదు. పెద్దాయన తలపాగా మీద గళ్లు చక్కగా పడుతున్నాయి. మిషన్ కూడా, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు ఉన్నట్టు, బుద్ధిగా ఉంది.

"తినేదానికొచ్చినావా, చూసేదానికొచ్చినావా?"

"రెండూ. నోటికి పనుండాదని కళ్లు మూసుకుంటానా క్కా?"

అంతలో మేస్త్రి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, పిండిమిల్లులో పడుకుని లేచినట్టు ఉన్నాడు. అక్క చూపించేదాకా ఆగకుండా తనే మౌసు పట్టుకున్నాడు.

"ఈ మీసం కాడ గళ్లు ఇంకా దగ్గర దగ్గరగా ఏయి పాపా. మీసం తప్పితే ఆ రైతు ఊరుకోడు. వాళ్ల నాయనకు ఉన్నిందే అది."

అని, టీ తాగొస్తానని పోయాడు. మౌసు మీద ఆయన ఐదు వేళ్లూ తెల్లగా అచ్చుపడి ఉన్నాయి. అక్క కొంగు అంచు తీసుకుంది. మౌసు ఎత్తి, చంటిపిల్ల ముక్కు తుడిచినట్టు ఒడుపుగా తుడిచింది. వీపు తుడిచింది, పక్కలు తుడిచింది, బొటనవేలితో పైనున్న చక్రాన్ని కూడా ఒక చుట్టు తుడిచింది.

తలపాగా పెద్దాయన మాయమయ్యాడు.

అక్క చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. "క్కా! ముట్టుకోవద్దు!" అని నేను ప్లేటుతో సహా లేచా.

సంగతేమిటంటే, ఆ సిస్టంలో ఒక సౌకర్యం ఉంది. ఒకే స్క్రీన్ వెనక నాలుగు బల్లలు ఉన్నట్టు అనుకోండి. ఒక బల్ల మీద ఒక పని పరుచుకుని, అది అట్లాగే ఉంచి, పక్క బల్లకు పోయి ఇంకో పని చేసుకోవచ్చు. బాణం గుర్తును స్క్రీన్ అంచున ఖాళీ జాగాలో పెట్టి మౌసు చక్రం తిప్పితే బల్ల మారుతుంది. అక్క మౌసును పైకి ఎత్తినప్పుడల్లా బాణం పోయి అంచుకు తగులుతోంది. చక్రం తుడిచేసరికి ఖాళీ బల్ల ముందుకొస్తోంది. నా అంగట్లో ఇది ఎప్పుడూ ఎందుకు జరగలేదంటే, నేను మౌసును ఒక్కసారి కూడా తుడిచిన పాపాన పోలేదు.

బాణం అంచున పెట్టి చక్రం వెనక్కి తిప్పా. పెద్దాయన మీసంతో సహా తిరిగొచ్చాడు.

అక్క సంతోషిస్తుందనుకున్నా. ఆమెకు కోపం వచ్చింది.

"ఇంతసేపూ ఈడనే ఉన్న్యాడా?"

"ఈడనే. పక్క బల్ల మీద."

"మరి చెప్పొచ్చు గదా? మనిషి పక్క గదిలోకి పోతే కూడా, ఇట్ల పోతాండా అని ఒక మాట చెప్పి పోతాడు. ఇదేంది, చెప్పకుండా లేసి పోయేది?"

ఇన్నేళ్లలో కంప్యూటర్ల గురించి నేను విన్నవాటిలో ఇంత సరైన మాట ఇంకొకటి లేదు. ముందు పోయిన రెండు పటాలు కూడా ఆరోజు పక్క బల్ల మీదే ఉండి ఉంటాయి, స్విచ్చి ఆపేసి తనే పోగొట్టింది. ఆ మాట నేను అనలేదు. ఉగ్గాని ఇంకా సగం ఉంది.

"దీన్ని చేసినోళ్లకు రాయి," అంది.

"నంద్యాలకు పోయినాక రాస్తాలే."

"నా ముందర రాయి. నువ్వు పోయినాక ఏం రాస్తావో నాకు తెలీదా?"

వాడేవాళ్లు ఇబ్బందులు రాసుకోవడానికి వాళ్లు ఒక పేజీ పెట్టారు. అంతా ఇంగ్లీషు. నేను ఫోన్‌కు తెలుగులో చెబితే అది ఇంగ్లీషులోకి మార్చి పెడుతుంది. ఏం మారుస్తుందో దానికే తెలియాలి. ఇబ్బంది ఎట్లా వచ్చిందో మొదటి నుంచీ వరసగా చెప్పమని అడిగింది ఆ పేజీ. సరేనని మొదటి నుంచే చెప్పా. మొదట ఒక పెద్ద రాయి తీసుకోవాలి. దాన్ని పొద్దున్నుంచి చెక్కాలి. చేతులు కడుక్కోకుండా వచ్చి మౌసు పట్టుకోవాలి. టీకి పోవాలి. తర్వాత ఒక ఆడమనిషి, చదువుకున్నది, శుభ్రం తెలిసినది, దాన్ని కొంగుతో తుడవాలి. అప్పుడు పని మాయమవుతుంది.

"చదువుకున్నది అని రెండుసార్లు పెట్టు," అంది అక్క.

చదివితే నమ్మరని చిన్న వీడియో కూడా తీద్దామన్నా. అక్క జుట్టు సర్దుకుంది.

"మొగం పడదు క్కా. చెయ్యి ఒకటే."

"అందుకే గాజులు సరిజేసుకుంటాండా."

వీడియో పంపేసి, బల్లలు మారకుండా ఆపే మీట కోసం సిస్టంలో వెతకడం మొదలుపెట్టా. దాన్ని మెనూలో మెనూ, దాంట్లో ఇంకో మెనూ పెట్టి దాచారు. సగం దూరం పోయేసరికి ఎదురు షెడ్డాయన ఆధార్ కార్డు జిరాక్సుకని వచ్చాడు. ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఒక షెడ్డు బొమ్మ గీత ఇంకో షెడ్డు కంట పడకూడదు. పడిందంటే, వారంలో అదే మీసం వీధికి ఆ పక్కన కూడా మొలుస్తుంది. వచ్చినాయన కార్డు మాకిచ్చాడు గానీ, మెడ మాత్రం స్క్రీన్ వైపు సాగుతోంది. అదే సమయానికి మేస్త్రి టీ తాగి గడపలోకి వచ్చి, అది చూసి, అక్కడే నిలబడిపోయాడు.

అక్క తొందరపడలేదు. మౌసును నా చేతిలోంచి తీసుకుని, బాణాన్ని అంచుకు జరిపి, చక్రం ఒక్క చుట్టు తిప్పింది. స్క్రీన్ మీద పచ్చని కొండల బొమ్మ తప్ప ఏమీ లేదు.

"రెండు పక్కలా తీయాల్నా అన్నా?" అంది.

గడపలో మేస్త్రి మొహం చూడాలి. పిండిలో కూడా తెల్లబోవచ్చని ఆరోజే తెలిసింది. ఎదురు షెడ్డాయన జిరాక్సు తీసుకుని బయటికి పోయాక లోపలికొచ్చి, "మళ్లా పాయెనా పాపా?" అన్నాడు. మధ్యాహ్నానికి ఇంక అరగంటే ఉంది.

అక్క చక్రం వెనక్కి తిప్పింది. పెద్దాయన వచ్చాడు. మేస్త్రి ఆయన్ని చూశాడు, అక్కను చూశాడు.

"దాచినావా?"

"దాచినా."

"ఇట్ల దాచొచ్చా?"

"నాలుగు బల్లలుండాయి మేస్త్రీ. ఎవురి బల్ల వాళ్లది."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నంద్యాల్లో మా గీత బాగుండాదని గోడకు అంటిచ్చి పెట్టుకున్న్యారు. పోయినోడు వచ్చినోడు చూసేది," అన్నాడు. ప్రింటు చేతికి వచ్చాక మీసం దగ్గర గళ్లు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. "మా కాగితాలు ఇంక ఈడనే," అన్నాడు, లేస్తూ.

"సరే మేస్త్రీ," అంది అక్క, రోజూ ఇట్లాంటివి పది వింటున్నట్టు. ఆయన వీధి దాటాక మాత్రం నా వీపు మీద ఒకటి చరిచింది. ఉగ్గాని తిన్నందుకో, పని అయినందుకో తెలియలేదు. ఆ మీట వెతకడం నేను ఆపేశా.

వారం తర్వాత వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని చదివా. వీడియో అందరూ చూశారట. తెలిసి తిప్పేవాళ్ల గురించి, తెలియక తిప్పేవాళ్ల గురించి ఆలోచించాం గానీ, తుడిచేవాళ్ల గురించి ఎవరికీ తట్టలేదని ఒకాయన రాశాడు. చక్రంతో బల్ల మారే పద్ధతినే తీసేస్తామని మాట ఇచ్చాడు. నా జన్మలో ఎవరూ నా మాట మీద ఏదీ తీసేయలేదు. గర్వంగా అక్కకు ఫోన్ చేశా.

"తీసేస్తారంట క్కా!"

"ఏందీ తీసేసేది? ఎవురు తీయమన్నారు?"

"నువ్వే గదా!"

"నేను చెప్పి పొమ్మన్నా. పోవద్దన్నానా? ఇప్పుడు ముగ్గురు షెడ్డులోళ్లు నా కాడ గీతలు పెట్టిండారు. అది తీసేస్తే నేను వాళ్లకేం చెప్పేది? తొందరగా రాయి, తీయొద్దని!"

మళ్లీ రాశా. అయ్యా, పోయిన ఉత్తరంలో తప్పు అన్నది ఈ ఉత్తరంలో ఒప్పు. తీయకండి. బల్ల మారినప్పుడు ఎక్కడికి పోతున్నారో ఒక మాట చెప్పండి, బల్లలకు పేర్లు పెట్టుకోనివ్వండి, అంతే చాలు. ఆ మనిషి మొదట నవ్వు బొమ్మలు ఒక వరస పంపి, ఆ తర్వాత అట్లాగే చేస్తామన్నాడు. చేశారు కూడా. కొత్తది వచ్చినప్పుడు నేనే పోయి ఆళ్లగడ్డ మిషన్లో వేసొచ్చా. ఇప్పుడు చక్రం తిప్పితే, స్క్రీన్ మధ్యలో ఏ బల్ల మీద ఉన్నామో పెద్ద అక్షరాల్లో కనిపించి పోతుంది. అక్క ఒక్కో బల్లకు ఒక్కో షెడ్డు పేరు పెట్టుకుంది.

మొన్న పోయేసరికి పెద్ద షెడ్డు మేస్త్రి చుట్టచుట్టిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం మేస్త్రీ, ఊరికే కూర్చున్న్యావు?"

"నాలుగు బల్లలూ నిండినాయంటప్పా. కూర్చోమనింది," అన్నాడు, నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు.

అక్క తలెత్తకుండానే అంది. "ఐదో బల్ల కావాలని రాయి వాళ్లకు."

"రాసేదేం లేదు క్కా. ముందునుంచీ ఉండాది. ఎన్ని కావాలంటే అన్ని వేసుకోవచ్చు."

"మరి వేయి. చూస్తాండావేంది?"

అది ఎక్కడ వేయాలో కనుక్కోవడానికి నాకు ఒక పూట పట్టింది. మేస్త్రి అంతసేపూ కూర్చునే ఉన్నాడు. రెండుసార్లు టీ తెప్పించాడు. నంద్యాలకు పోతానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.