చెల్లెలి ఎడమకాలు

తొంభైల మొదట్లో మా చెల్లెలు తొలికాన్పుకు కుప్పం నుంచి పుంగనూరులో ఉన్న మా ఇంటికొచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. బాలింతకు మా ఇండ్లలో ఒక చట్టం ఉండేది. పూటకొక లోటా కాచిన నీళ్లే, అంతకుమించి చుక్క ఇవ్వకూడదు. మంచం దిగకూడదు. నీళ్లెక్కువైతే పొట్ట జారుతుందట. ఎవడు పెట్టిన చట్టమో అడిగిన మనిషి లేడు.

ఐదోనాడు అమ్మ పెరట్లో ఉండగా చెల్లెలు పిలిచింది.

"అన్నా, నాలిక పిడసగట్టుకపోతాండాది. ఒక చెంబు నీళ్లియ్యప్పా. అమ్మకు సెప్పొద్దు."

బడి ఎనిమిదిలోనే మానినా, లైబ్రరీలో వైద్యం పుస్తకాలన్నీ తిరగేసిన మొనగాణ్ణి నేను. ఒంటికి నీళ్లెంత అవసరమో చదివినవాణ్ణే. ఆడవాళ్ల సంగతిలో తలదూర్చినాడని నవ్వుతారేమోనని, "ఓర్చుకో మే, పెద్దోళ్లు ఊరికే సెప్తారా" అని బయటికొచ్చేసినాను.

పదోనాటికి ఎడమకాలు తొడదాకా వాచింది. వాతమన్నారు. ఆముదం కాచి రుద్దబోతుంటే నాకు భయమేసి, కారు మాట్లాడి మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయినాను.

"కాన్పులో నెత్తురు పోకుండా ఒళ్లే దాన్ని తొందరగా గడ్డకట్టేట్టు చేసుకుంటుంది," అంది డాక్టరమ్మ. "దానికి తోడు కదలనీయకుండా, నీళ్లు మాన్పించి పడుకోబెడతారా? కాలి నరంలో గడ్డ కట్టింది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే మనిషి దక్కేది కాదు. ఇంట్లో చదివినోళ్లెవరూ లేరా?"

చీటీ తీసుకుని మందుల షాపుకు పోయినాను.

నెత్తురు గడ్డకట్టకుండా సూదులేశారు, ఆనక మాత్రలు. మాత్ర తగ్గితే గడ్డ, ఎక్కువైతే నెత్తురు ఆగదు. నెత్తురు పరీక్షతో ఆ సమానం చూసుకోడానికి పసిబిడ్డనెత్తుకుని, కుప్పం నుంచి మదనపల్లెకు బస్సులు మారి ఎన్ని నెలలు తిరిగిందో! మనిషి దక్కింది. కాలి వాపు మాత్రం పోలేదు.

రెండువేల సంవత్సరం దాటినాక, మాటిమాటికీ నెత్తురు పరీక్ష అక్కర్లేని మందుల కోసం వెతుకుతున్నారని పేపర్లో చదివినాను. ఆ ముక్క పట్టుకుని కుప్పం పోయి, గడ్డ ఎట్లా కడుతుందో, ఆ మందులు దాన్నెట్లా ఆపుతాయో చెల్లెలికి గంటసేపు వర్ణించినాను. కాలు స్టూలు మీద పెట్టుకుని వినింది.

"ఇంత తెలివి ఆ పొద్దు యాడ దాసిపెట్నావన్నా?" అని నవ్వింది.

అమ్మను తిట్టబోయి ఆగినాను. అమ్మకు తెలీదు. నాకు తెలుసు.

"ఆ మందులు వస్తే ఈ కాలు తగ్గుతాదా?"

"తగ్గదు మే. లోపల నరం సెడిపోయుండాది."

"సరేలే. కూడు తిని పో," అంటూ రెండు చేతులా కాలు పట్టుకుని కిందికి దించి, గోడ ఆసరాగా వంటింట్లోకి పోయింది.