వియ్యపురాలికి వడ్డించిన తోరణం

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. లేకపోతే ఈ లపెయే టీ తాగీసి లేచి షాపుకి పోతాను, మీ ఇష్టం. మొన్న ఆదివారం మా ఇంటికి కాబోయే వియ్యపురాలు వచ్చింది. ఐర్లాండు నుంచి! ఆవిడ చేత మా గుమ్మం తోరణం తినిపించీసాను. అదుగో, చూసారా! ఇంకా కత మొదలెట్టనే లేదు, అప్పుడే పళ్ళికిలించేస్తన్నారు.

మా అమ్మాయి సుజాత సంగతి మీకు తెలుసు కదా. ఇక్కడే, మన రంగూన్ బోటాటౌంగ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కానర్ అని, ఇక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే ఐరిష్ కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడు బంగారం. మా ఆవిడ పైడమ్మని ‘అత్తయ్యా’ అని పిలుస్తాడు, చేపల పులుసు చేత్తో కలుపుకుని తింటాడు. మాకు ఏ పేచీ లేదు. బెంగంతా వాళ్ళమ్మ గురించే. తండ్రి లేడు, ఆవిడొక్కర్తే కష్టపడి పెంచింది. ఆవిడ సరేనంటేనే పెళ్ళి, కాదంటే లేదని కానర్ ముందే చెప్పీసాడు. ఆవిడ పేరు మొయిరా. కొడుకుని చూడ్డానికి వస్తంది, మనింట్లో ఒక్క పూట బోజనం. ఆ పూటతో ఏదో ఒకటి తేలిపోవాల.

ఆవిడొచ్చేది మార్చిలో, సరిగ్గా వాళ్ళ పండగ రోజుల్లో. పాట్రిక్ అని వాళ్ళకో పుణ్యపురుషుడున్నాడు. ఆయన పండక్కి అన్నీ పచ్చగా ఉండాలట. కట్టుకున్న బట్టలూ పచ్చే, తినేవీ పచ్చే. మూడు రేకుల ఆకొకటుంది, అది వాళ్ళకి గుర్తు. చూడ్డానికి మన మారేడు దళంలాగే ఉంటాది. “ఇల్లొదిలి అంత దూరం వచ్చిన మనిషి, ఆ పండగేదో మనింట్లోనే చేద్దాం” అన్నాను. అవును, ఐడియా నాదే. 

సుజాత ఒప్పుకుంది గానీ, నా ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పింది.

“నాన్నా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు మాత్రం వడ్డించొద్దు.”

“ఏటే, ఇంటి పెద్దని, వడ్డించకపోతే ఎలగ?”

“ఆవిడ చాలంటే చాలన్నట్టే. చెయ్యడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేసీడం మనకలవాటు. వాళ్ళకి బాగోదు. ప్లీజ్ నాన్నా.”

“సరే తల్లీ, నేను వడ్డిస్తే ఒట్టు” అన్నాను. 

ఇహ చూస్కోండి నా ఉత్సాహం. పబేడాన్‌లో నాది డెకరేషన్ సామాన్ల షాపు, పెళ్ళి మండపాలకి పేపరు పూలూ తోరణాలూ అమ్ముతాను. చేతిపనంటే నాకు పూనకం. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి కత్తిరించి, ఆ రేకు వంచి, మూడు రేకుల ఆకు అచ్చు చేసాను. వేలు తెగింది, లెక్క చెయ్యలేదు. మైదాపిండిలో సగానికి సగం ఉప్పు పోసి, పచ్చరంగు వేసి, ముద్ద చేసి, ఆ అచ్చుతో కోసి ఎండబెడితే రాయిలాగ అయిపోతాది. ఎన్నాళ్ళయినా పాడవదు. ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాను. ఒక్కో ఆకూ ఎంత ముద్దొచ్చిందో!

అది చూసి మా ఆవిడకీ హుషారొచ్చింది. “ఆ అచ్చు ఇలగియ్యండి, నేనూ అదే ఆకారంలో బిస్కెట్లు చేస్తాను” అంది. మైదా, పంచదార, నెయ్యి, నా సీసాలోని పచ్చరంగే. ఇసక పోసిన గిన్నెలో పెట్టి, మూత వేసి కాల్చింది. ఇల్లంతా నెయ్యి వాసన.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు లేవు. బిస్కెట్లు చల్లారాలని పళ్ళెం తెచ్చి బాల్కనీలో పెట్టింది, నా ఆకులు ఎండుతున్న పళ్ళెం పక్కనే. “మీవి ఎడం పక్క, నావి కుడి పక్క. గుర్తుంటాదా?” అంది. 

“నాకు తెలీదేటి?” అన్నాను. 

ఆవిడ మటన్ చూసుకోడానికి లోపలికెళ్ళిందో లేదో, కాకి! మన రంగూన్ కాకుల సంగతి మీకు చెప్పాలా? రైలింగు మీద వాలి, మెడ వంకర పెట్టి, పళ్ళేల వైపు చూసింది. వెనకాల ఇంకో రెండు. హుష్ హుష్ అంటా రెండు పళ్ళేలూ చెరో చేత్తో ఎత్తుకుని వెనక్కి తిరిగి లోపలికి పరిగెత్తాను. ఆ కంగారులో లోపల పెట్టేసరికి ఎడమా కుడీ తారుమారైపోయాయి. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు.

తోరణం కట్టాలంటే దారం ఎక్కాల, దారం ఎక్కాలంటే చిల్లు కావాల. ముద్ద పచ్చిగా ఉన్నప్పుడే చిల్లులు పెట్టడం మర్చిపోయాను. సరే, ఒక పళ్ళెంలోది తీసి సూది గుచ్చాను. దిగదు! సూది వంగిపోయింది. రెండో పళ్ళెంలోది తీసాను. హాయిగా దిగిపోయింది. ‘ఓహో, ఇవీ నావి, ముద్ద ఇంకా పూర్తిగా ఆరలేదన్నమాట. ఆ గట్టివి పైడమ్మ బిస్కెట్లు. పాపం, బాగా మాడ్చీసింది, రాళ్ళయిపోయాయి’ అనుకున్నాను. చూసారా, పెళ్ళాం వంట మీద నాకున్న నమ్మకం! పైకి మాత్రం అనలేదు. అతిది వచ్చే రోజు ఇంట్లో గొడవెందుకని మంచివాణ్ణయి ఊరుకున్నాను.

ఒకటి నోట్లో వేసుకుంటే తెలిసేది కదా అంటారు. ఎలగ వేసుకుంటాం? అతిది తినకముందు మనం తింటే ఎంగిలి కాదూ? మా ఆవిడయితే కూరలో ఉప్పు కూడా వాసన చూసే చెప్తాది. మెత్తవన్నీ దారానికి గుచ్చి గుమ్మానికి కట్టాను. గట్టివన్నీ మంచి పింగాణీ పళ్ళెంలో పేర్చి, పైన శుబ్రమైన గుడ్డ కప్పాను.

సాయంత్రం మొయిరా గారు వచ్చారు. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు. నాలుగంతస్తుల మెట్లెక్కి ఆయాసంతో గుమ్మం దగ్గర ఆగి, పైకి చూసారు. పచ్చటి ఆకుల తోరణం! గుండె మీద చెయ్యేసుకున్నారు. “ఓ, కానర్!” అని కొడుకు చెయ్యి పట్టుకున్నారు. సుజాత నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుతో నా కాలు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

బోజనం కూడా బ్రమ్మాండంగా నడిచింది. కారం లేని మటన్, బంగాళాదుంపలు, క్యాబేజీ. ఆవిడ మారడిగి మరీ తిన్నారు. కానీ పెళ్ళి మాట ఒక్కటీ లేదు. సుజాత కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, ముద్ద నోట్లోకి పోవడం లేదు.

అప్పుడు నేను లేచి ఆ పళ్ళెం తెచ్చి, గుడ్డ తీసి, ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చప్పట్లు కొట్టారు. ఒకటి తీసి కొరికారు. టక్! రాయి పగిలిన చప్పుడు. నవుల్తన్నారు, నవుల్తన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, సొంతూరు గుర్తొచ్చిందనుకున్నాను.

గుటక వేసి అడిగారు, “ట్రెడిషనల్?”

“యెస్! యెస్! వెరీ ట్రెడిషనల్!” అన్నాను.

ఆవిడ తలూపి, మిగతా ముక్క కూడా నోట్లో వేసుకున్నారు. కానర్ ఒకటి కొరికి ఆగిపోయాడు. తల్లి వైపు చూసాడు. ఆవిడ కళ్ళతోనే ఒక్క గదుముడు గదిమారు. కుర్రాడు కిక్కురుమనకుండా గ్లాసుడు నీళ్ళతో మింగీసాడు. నేనా, ఇంకొకటి తీసాను. ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టారు.

“నాన్నా!” అంది సుజాత పళ్ళు బిగించి.

“ఒక్కటి పెట్టకూడదమ్మా, జత చెయ్యాల. అక్కగారూ, వన్ మోర్! వన్ మోర్!” 

అలవాటైన చెయ్యి, ఆగుతాదా? వేసీసాను. ఆవిడ దాన్ని కాసేపు చూసి, ఊపిరి పీల్చుకుని, తిన్నారు! వెనక నుంచి మా ఆవిడ మురిసిపోతంది. “చూసావేటే సుజాతా, నా బిస్కెట్లు వదినకి ఎంత నచ్చాయో!”

సరిగ్గా అప్పుడు ఎదురు ఫ్లాటు డా ఖిన్ వచ్చింది. కరెంటు లేదు కదా, గాలి కోసం తలుపు తీసే ఉంచాం. “ఊ రాజూ, నీ గుమ్మానికి చీమలు బారులు కట్టాయి, చూసుకున్నావా?” అంది బర్మాలో. వాళ్ళకి నేను ఊ రాజుని, అంటే రాజు గారిని. నేను లేచి వెళ్ళేలోపు ఒక ఆకు తెంపి, చీమల్ని ఉఫ్ అని ఊదీసి, వాసన చూసి, నోట్లో వేసుకుంది.

“కౌండే!” అంది. చాలా బాగుందని. ఇంకోటి తెంపింది. “నేతి బిస్కెట్లు గుమ్మానికి కట్టుకున్నారేటి, మీకేం బాబూ!”

గబగబా తిరిగొచ్చి పళ్ళెంలోది ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఓలమ్మో! సముద్రంలో ఉప్పంతా నా నోట్లోనే.

పైడమ్మ నా మొహం చూసింది, గుమ్మం చూసింది, పళ్ళెం చూసింది. “ఏవండీ, ఎడం పక్కవి ఎవరివి?” అంది, మెల్లిగా. అరిచినా బాగుండేది.

సుజాత లేచి నిలబడింది. “ఒక్క పూట నాన్నా! ఒక్క పూట నువ్వు నీలాగ ఉండొద్దన్నాను!” అని ఏడుస్తా, ఆవిడకి ఇంగ్లీషులో అంతా చెప్పీసింది. ఇప్పుడు నవ్వుతా చెప్తన్నాను గానీ, అప్పుడయితే పిల్ల పెళ్ళి నా చేత్తో నేనే చెడగొట్టీసానని ఏడుపొచ్చీసింది. రెండు చేతులూ జోడించి అలగే నిలబడిపోయాను.

ఆవిడ మంచినీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు. అప్పుడు మొదలెట్టారు నవ్వు. కుర్చీ కదిలిపోయేలాగ, కళ్ళు తుడుచుకుంటా నవ్వు! నవ్వి నవ్వి ఏదో చెప్తే, సుజాత ముక్కు తుడుచుకుంటా తెలుగులో చెప్పింది.

“ఇది తినేది కాదా? బతికించావు దేవుడా అంటన్నారు. మీరు పెట్టే పరీక్ష అనుకున్నారట. కాబోయే అత్తగారికి మీ ఆచారమేమోనని. తినలేకపోతే వాళ్ళబ్బాయికి పిల్లనివ్వరేమోనని బయపడి తిన్నారట. విమానం ఎక్కిన కాడ్నుంచీ ఆవిడకి ఒకటే గుబులట, మనకి నచ్చుతారో నచ్చరోనని.”

మా బెంగే ఆవిడ బెంగ! పైడమ్మ వెళ్ళి ఆవిణ్ణి పట్టుకుని, “ఎంత పని జరిగింది వదినా” అని తనూ ఏడ్చీసింది. తరవాత తోరణం దింపి, చీమలు దులిపి, అందరం టీలో ముంచుకుని తినీసాం. డా ఖిన్‌కి కూడా ఒక వాటా.

పెళ్ళికి ఆవిడ సరేనన్నారు. ఇక్కడే, మన పద్దతిలోనే. ఒక్కటే షరతు, ఊ రాజు వడ్డించకూడదు. అందరికంటే ముందు సై అన్నది మా ఆవిడే. ఇప్పుడు నా పరిస్తితి ఏటంటే, డెకరేషన్ షాపు ఓనర్ని, నా కూతురి పెళ్ళిలో తోరణం నన్ను ముట్టుకోనివ్వరు. వంటల వైపు తొంగి చూడనివ్వరు. మిగిలింది కన్యాదానం. అది తండ్రే చెయ్యాల కదా, తప్పదు మరి. దానికీ నిన్న పైడమ్మ చెప్పీసింది. “నేను పక్కనే ఉంటాను. ఏ పిల్లని ఎవరి చేతిలో పెడతన్నారో ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ పెట్టండి.”