మూడో రీలు, ఎనిమిదో రీలు

సినిమా బాగుందో లేదో చెప్పటానికి పత్రికల వాళ్ళు చుక్కలు పెడతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అయిదు చుక్కలకు రెండున్నర ఇచ్చారంటే ఏమిటండీ అర్థం? చూడమనా, మానమనా? ఆ గోల మా ఊళ్ళో లేదు. మావి నాలుగే మాటలు: డీలక్స్, బెస్ట్, మీడియం, తాలు. గుంటూరు యార్డులో మిరపకాయలకు కట్టే గ్రేడులే అవి. కాయ ఎర్రగా నిగనిగలాడితే డీలక్స్. రంగు పోయి తెల్లబడితే తాలు. తాలు అన్నాక ఇక దాని ఊసు ఎవరూ ఎత్తరు.

తొంభైల చివరి మాట ఇది. పర్చూరు నుంచి బస్సులో పావుగంట దూరంలో మా ఊరు. నాన్నకు అక్కడ పురుగుమందుల కొట్టు ఉండేది. డిగ్రీ మూడో ఏడు రెండుసార్లు తప్పిన ఘనతతో నేను అందులో కూర్చున్నాను. కొట్టు ముందు ఒక నల్లబోర్డు. పైన కొత్తగా వచ్చిన మందుల పేర్లు నాన్న రాసేవాడు, కింద సినిమా గ్రేడు నేను రాసేవాణ్ణి. మా ఊరి హాల్లో శుక్రవారం మార్నింగ్ షో చూసి, నేరుగా కొట్టుకొచ్చి, సుద్దముక్కతో ఒక్క మాట రాసేవాణ్ణి. ఆ వారం హాలు నిండటమో ఎండటమో దాన్నిబట్టే ఉండేది. పత్తికి పచ్చపురుగు పట్టిందని వచ్చిన రైతులు మందు సంగతి నాన్నను, సినిమా సంగతి నన్ను అడిగేవాళ్ళు. మందు పనిచేయలేదని నాన్నను నానా మాటలూ అని పోయినవాళ్ళున్నారు. నా గ్రేడు తప్పిందన్నవాడు లేడు. అంటే ఊరుకునేవాణ్ణి కూడా కాదు.

ఉన్నది ఒక్కడే ఎదురు. జిన్నింగు మిల్లు గుమాస్తా. నా ఈడువాడే. సాయంత్రం ఒంటినిండా పత్తి నూగుతో వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, నేను డీలక్స్ అన్నదాన్ని మీడియం అనేవాడు. ఎందుకురా అంటే కారణం ఉండదు. "హీరో చొక్కాలు బాలేవు" అంటాడు. వాడి ముఖానికి చొక్కాలు ఒకటి తక్కువ!

ఒక శుక్రవారం మా హాలుకు ఒక సినిమా వచ్చింది. గుంటూరులో వారం కూడా ఆడలేదట. హాల్లో నాతో కలిపి ముప్ఫై మంది ఉంటాం. మొదటి రెండు రీళ్ళు మామూలే. హీరో కాలేజీలో పాట పాడాడు, వాళ్ళ నాన్న ఇంట్లో తిట్టాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి విలన్ మనుషులు వచ్చి ఆ నాన్నను నడిబజార్లో నరికేశారు. హీరో శవం మీద పడి ఏడ్చాడు. మరుక్షణం అదే నాన్న శుభ్రంగా స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇడ్లీలో కారప్పొడి తక్కువైందని భార్యను కసురుకుంటున్నాడు.

నేను కుర్చీ అంచుకు జరిగాను. పక్కవాడు "ఏందన్నా, ఈయన ఇందాకే పోయాడు గదా?" అన్నాడు.

"నోరు మూసుకుని చూడరా. చెప్పకుండా వచ్చే ఫ్లాష్‌బ్యాక్ ఇది" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నానో ఆ ముక్క, ఆ దేవుడికే తెలియాలి.

ఇక ఆ నాన్న ఏం మాట్లాడినా నాకు ఆ నడిబజారే కనిపించింది. వచ్చే పండక్కి ఇంటికి సున్నం వేయిస్తానంటాడు. అయ్యో, నువ్వు పోయావు కదయ్యా అనిపిస్తుంది. వెనక ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటర్వెల్‌కు ముందు కమెడియన్ గేదెల కుడితిలో పడ్డాడు, విశ్రాంతి అని పడింది. అంత విషాదం మధ్య ఆ కుడితి తొట్టి! ఈ దర్శకుడు మామూలోడు కాదనుకున్నాను. కొట్టుకు వచ్చి డీలక్స్ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. గీతలు కొట్టటం అదే మొదలు.

హాలు నిండింది. వారం ఆడని సినిమా మా ఊళ్ళో రెండో వారంలో పడింది. నేను మూడుసార్లు చూశాను. బల్ల మీద కూర్చుని స్క్రీన్‌ప్లే గురించి ఉపన్యాసాలు దంచాను. హాలు ఓనరు గారు స్వయంగా నాకు సోడా తాగించారు.

రెండో వారం మధ్యలో గుమాస్తా చీమకుర్తిలో అత్తగారింటికి పోయి వచ్చాడు. వస్తూనే బల్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్, ఆ సినిమా అక్కడా ఆడతంది. వాళ్ళ నాన్న ఇంటర్వెల్‌కి చస్తాడురా. గేదెల తొట్టి మొదట్లోనే వచ్చుద్ది. మనోళ్ళు రీళ్ళు అటూ ఇటూ చేశార్రా! దానికి నువ్వు డీలక్స్ ఇచ్చి గీతలు కూడా కొట్టావ్!"

"నీకు సినిమా చూడటం రాదు, పో" అన్నాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి నాన్నకు ఒంగోలులో డీలరును చూసి వస్తానని చెప్పి చీమకుర్తి పోయాను. గ్రానైట్ లారీల దుమ్ము మింగుకుంటూ పోయి మార్నింగ్ షోకు కూర్చున్నాను. వాడన్నట్టే ఉంది. కాలేజీ పాట, తిట్లు, గేదెల తొట్టి, ఇడ్లీ, ఇంటర్వెల్‌కి చావు. ఎప్పుడు ఏమవుతుందో పక్కన నిద్రపోతున్న లారీ క్లీనరుక్కూడా తెలుసు. అచ్చమైన తాలు. గింజ కూడా లేని తాలు. నేను మూడుసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకున్న సినిమా అసలు లేనే లేదు.

తిరుగు బస్సులో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దిగీదిగగానే హాలు వెనక ఇనుప మెట్లెక్కి ఆపరేటరు గది తలుపు బాదాను. ఫస్ట్ షోకు ఇంకా గంట టైముంది.

ఆపరేటరుకు అరవై దగ్గర ఉంటాయి. ఆ హాలు కట్టినప్పటి నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు. ఊరంతా బాబాయ్ అంటుంది, నేనూ అంతే. "ఏం బాబాయ్, మూడో రీలు తీసి ఎనిమిదో దాని చోట వేశావా? బుద్ధుందా? నా పరువు ఏం కావాలి?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి తలుపు మూశాడు. "ఎవరూ? మందుల కొట్టు అబ్బాయివా?" అన్నాడు.

రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పట్టపగలు. గొంతును బట్టి పోల్చుకున్నాడు.

నా అరుపు అక్కడే ఆగిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "కళ్ళు పోతన్నయ్యబ్బాయ్. రెండేళ్ళయింది. ఒంగోల్లో చూపించా. శుక్లాలైతే తీసేవోళ్ళంట, ఇది నరం. తీసేదానికేం లేదన్నారు. మనిషి ఆకారం తెలుద్ది. అచ్చరం కనపడదు, తెర మీద బొమ్మ అసలే కనపడదు. అసిస్టెంటు ఉన్నన్నాళ్ళూ డబ్బాల మీద నెంబర్లు వాడు చదివేవాడు. వాడు క్వారీ పనికి పోయాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎట్టా వేశావు?"

"మిషన్లో ఫిల్ము ఎక్కించటం చేతులకే వచ్చు. నెంబరు డబ్బా మీద పెయింటుతో రాస్తారు గదా, వేలికి ఎత్తుగా తగులుద్ది. ఈ పెట్టెలో ఎనిమిది సగం ఊడిపోయింది. రెండు మూళ్ళు తగిలినయ్. ఒకదాన్ని ఎనిమిది అనుకోక తప్పలా."

"ఫోకస్సో?"

"మీరు అరుస్తారు గదా" అన్నాడు. "బొమ్మ చెడితే కింద నుంచి తిడతారు. తిట్లు ఆగేదాకా తిప్పుతా. నీ గొంతు బాగా వినపడుద్ది."

ఆ హాల్లో ఆపరేటర్ని అందరికంటే గట్టిగా తిట్టేది నేనే. నిద్రపోతున్నావా అని, కళ్ళు దొబ్బాయా అని. నాకు సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

ఓనరు గారికి ఈ సంగతి తెలియదు. బొమ్మ ఇంకోసారి చెడితే ఇంటికి పంపిస్తానని అప్పటికే అన్నారట. ఓనరు గారి బావమరిది ఒకడు ఆ పని కోసం కాచుకుని ఉన్నాడు. పోనీ ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉండొచ్చు కదా బాబాయ్ అన్నాను, తెలివితక్కువగా.

"ఇంటికాడ ఉంటే గుడ్డోణ్ణయ్యా. ఇక్కడైతే ఆపరేటర్ని" అన్నాడు.

నేను కొట్టుకు వచ్చేసరికి బల్ల మీద గుమాస్తా, ఎదురుగా కుర్చీలో ఓనరు గారు. వాడప్పుడే అంతా ఊదేశాడు. చుట్టూ పదిహేను మంది చేరారు. మెట్లెక్కి డబ్బాలు చూసే ఓపిక ఓనరు గారి మోకాళ్ళకు లేదు.

"ఏం బాబూ, రీళ్ళు తారుమారయ్యాయంట గదా. మూడుసార్లు చూశావు, నువ్వు చెప్పు. నీ మాట మీద పోతా. నిజమైతే ఆ ముసలాణ్ణి ఇయ్యాళే పంపించేస్తా" అన్నారు.

అయిదేళ్ళుగా ఆ బోర్డు మీద నేను ఒక్క అబద్ధం రాయలేదు. మా మేనమామ కొడుకు జూనియర్ ఆర్టిస్టుగా వెనక నిలబడ్డ సినిమాకు కూడా తాలు ఇచ్చినవాణ్ణి. అదొక్కటే నాకున్న చదువూ, ఉద్యోగమూ. అందరి ముందూ గొంతు సవరించుకున్నాను.

"తారుమారు చేసింది చీమకుర్తోళ్ళండీ. మన దగ్గర పడేదే కరెక్టు" అన్నాను.

గుమాస్తా ఎగిరి లేచాడు. "ఒరేయ్! చచ్చినోడు లేచొచ్చి ఇడ్లీ తింటే కరెక్టా?"

"దర్శకుడు అట్టాగే తీశాడు. మీ ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదంట్రా? మీ తాత పోయినాక, ఇడ్లీ పెట్టినప్పుడల్లా ఎదురుగా కూర్చున్నట్టు అనిపించలా? అదే తీశాడాయన!"

"మా తాత ఇడ్లీ తినేవాడే కాదురా!"

జనం గొల్లుమన్నారు. నేను వెనక్కి తగ్గలేదు. నరాలు తెగేలా వాదించాను. కుడితి తొట్టికి కూడా అర్థం చెప్పాను. ఎంత చెబితే అంత నవ్వారు. ఒకాయన నవ్వలేక వక్కపొడి ఉమ్మేశాడు. నాన్న లోపల కౌంటర్ దగ్గర తల దించుకుని మందు డబ్బాలు సర్దుకుంటున్నాడు. ఓనరు గారు మాత్రం నవ్వలేదు. రెండో వారం ఆడుతున్న సినిమా తప్పుగా వేశామని ఒప్పుకోవటం ఆయనకూ ఇష్టం లేదేమో. "సరేలే, కుర్రాడు అంత గట్టిగా చెబుతున్నాడు" అని లేచారు.

ఇక ఆ తప్పు రీళ్ళు అట్టాగే నడపక తప్పలేదు. మధ్యలో సరిచేస్తే దొరికిపోతాం. ఆ సినిమా మా హాలు నుంచి పోయేదాకా ఆ నాన్న రోజుకు నాలుగుసార్లు ముందు చచ్చి, తర్వాత ఇడ్లీ తిన్నాడు.

నా సంగతి ఆ సాయంత్రంతోనే అయిపోయింది. తర్వాతి శుక్రవారం నుంచి బోర్డు మీద గుమాస్తా చొక్కాల లెక్కన గ్రేడు రాసేవాడు, జనం వాణ్ణే అడిగేవాళ్ళు. నేను నోరు తెరిస్తే "ఆగరా, ఇడ్లీ సినిమావోడివి, నువ్వు మాట్లాడకు" అనేవాళ్ళు. లోపల ఎంత మండేదో చెప్పలేను. నిజం నాలుక చివర దాకా వచ్చేది. ఓనరు గారి బావమరిది హాలు గేటు దగ్గర సిగరెట్ కాలుస్తూ కనిపించేవాడు, మళ్ళీ మింగేవాణ్ణి.

ఆ మొదటి శుక్రవారం కొత్త ప్రింటు పెట్టె మధ్యాహ్నం బస్సుకు గానీ రాలేదు. నేను కింద టికెట్ కొనలేదు. కొట్టు నాన్నకు వదిలేసి, మ్యాట్నీకి ముందే ఇనుప మెట్లెక్కాను. పదిహేను డబ్బాలూ చదివి వరసగా గోడ వారన పేర్చాను. బాబాయ్ ఒక్కో డబ్బా మీదా చెయ్యి వేసి చూసుకున్నాడు. మొదటి రీలు ఎక్కించి, మిషన్ ఆన్ చేసి, "బొమ్మెట్టా ఉంది?" అన్నాడు. నేను గోడలో చిన్న కిటికీకి కన్ను ఆనించి, కొంచెం కుడికి తిప్పు అన్నాను. ఆ రోజు కింద ఎవరూ తిట్టలేదు.

రెండో రీలు కూడా ఎక్కించి పెట్టి ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత "ఏం జరగతంది?" అన్నాడు, పెద్ద అక్కర లేనట్టు. రెండేళ్ళుగా ఆయన ఎన్ని సినిమాలు వేశాడో, ఒక్కటి కూడా చూడలేదని నాకు అప్పుడు తట్టింది.

"హీరో పెట్టె సర్దుకుంటున్నాడు బాబాయ్" అన్నాను. "వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు ఏడుస్తుంది చూడు."

"ఏడిస్తే నాకు వినపడుద్దిలే" అన్నాడు. "ఏడవకముందు ఏం చేస్తందో అది చెప్పు."