బుడగలు ఆగకముందే

మొన్న రేణిగుంట దగ్గర పెట్రోలు బంకులో ఎవరో కారు బానెట్ ఎత్తి, ఇంజను చల్లబరిచే కూలెంట్ పోసుకుంటూ కొంచెం కింద ఒలకబోశారు. ఎండకు కాగిన సిమెంటు మీంచి బెల్లంపాకం మాడినట్టు ఒక తియ్యటి వాసన లేచింది. ఆ వాసన తగిలితే నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. గుర్తొస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది నగరి. తెల్లారకముందే మొదలయ్యే మరమగ్గాల చప్పుడులోనే మేం నిద్రలేచి, పళ్ళు తోముకుని, గంజి వాసన వేసే నూలు కండెల మధ్య దాగుడుమూతలు ఆడుకుని, అవ్వ చల్లటి రాగి అంబలిలో మజ్జిగా చిన్న ఉల్లిపాయలూ కలిపి ఇస్తే తాగి బడికి పోయేవాళ్ళం. ఎండాకాలం మామిడికాయల జీడి మూతికి అంటి పొక్కులు లేచేవి. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి గుడికి పోయే మొక్కుబడి కావళ్ళు మా వీధి మీదుగానే పోయేవి. పసుపు గుడ్డల జనం డప్పులకు ఊగుతూ వస్తుంటే మేం చెంబులతో పానకం అందిస్తూ వాళ్ళ వెంట పరుగెత్తేవాళ్ళం. అందరికంటే ముందు మా అక్క సుగుణ ఉండేది. వీధి చివర రైలు గేటు పడగానే చెప్పులు విప్పి పారేసి, బండి పోయేలోపల చింతచెట్టు దాకా పోయి తిరిగి వచ్చేది. బడిలో డ్రిల్లు సారు ఆమె పరుగు చూసి, తిరుపతిలో క్రీడల హాస్టలుకు పిల్లలను ఎంపిక చేస్తారని, వయసు లెక్కన అక్కకు ఇదే ఆఖరి ఏడాదని, నాయనను పిలిపించి మరీ చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్క నిద్రలో కూడా కాళ్ళు ఆడించేది.

ఇక చిన్నాయన సంగతి. నాయనకు తమ్ముడు, అవ్వకు ముద్దుల కొడుకు, పని చెబితే నడుంనొప్పి, ఊరేగమంటే హుషారు. తన వాటా మగ్గాలు అమ్మేసి, మద్రాసు నుంచి ఎవరో వాడి వదిలేసిన విదేశీ కారు ఒకటి తెచ్చాడు. దానికి సూపర్‌ఛార్జర్ ఉందట. అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. మా వీధిలో ఎదురుగా గేదె వస్తే రెండూ ఆగాల్సిందే. అక్కడ దీని బలం ఎవరికి చూపిస్తాడో ఆయనకే తెలియాలి. పైన పటారం లోన లొటారం అన్నట్టు, ఇంట్లో సంగటిలోకి పప్పు లేని రోజు కూడా ఆ కారుకు మెత్తటి నూలు గుడ్డతో తుడుపు తప్పేది కాదు. పిల్లలం దాని నీడలో నిలబడినా తిట్టేవాడు.

ఆ కుక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ అని ఒకటి, దానికి విడిగా నీళ్ళ గొట్టాలు, చిన్న పంపు, ముందు వైపు ఒక రేడియేటరు ఉంటాయి. ఉన్నవి చాలవని చిన్నాయన పెద్ద పంపు, పెద్ద రేడియేటరు తెప్పించాడు. ఆ ఇంటర్‌కూలర్ మాట టీ అంగట్లో, మంగలి దగ్గర, చివరికి చావింట్లో కూడా చెప్పేవాడు. మద్రాసు స్నేహితుడు ఫోనులో ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు: నీళ్ళు నింపేటప్పుడు గొట్టాల్లో గాలి మిగలకూడదు, పంపు ఆడిస్తూ నిదానంగా పోయాలి, బుడగలు పూర్తిగా ఆగేదాకా మూత బిగించకూడదు.

అక్క ఎంపికకు తిరుపతి పోవాల్సిన రోజుకు ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, ఆయన వాకిట్లో ఆ నీళ్ళు నింపే పని పెట్టుకున్నాడు. మేం బానెట్ కింద నీళ్ళు పోసే డబ్బా చుట్టూ గొంతుక్కూర్చుని లోపలికి చూస్తున్నాం. తియ్యటి వాసన వేసే పచ్చటి కూలెంట్ నీళ్ళలో బుడగలు ఒకదాని వెనక ఒకటి తేలుతున్నాయి. అవ్వకు చదువు రాదు గానీ ఏ వారం ఏ వేళ మంచిది కాదో కంఠతా వచ్చు. అరుగు మీంచి కేకేసింది.

"ఒరే, రావుకాలం వస్తా ఉండాది. ఆలోపల మూసెయ్."

"ఇంకా బుడగలు వస్తా ఉండాయి చిన్నాయనా," అన్నాను నేను.

"గమ్మునుండు మే. అదే సర్దుకుంటాది," అని మూత బిగించేశాడు. దాని మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. రాహుకాలం పోయాక మళ్ళీ విప్పి చూడొచ్చు కదా అని నాయన నసిగితే, మంచి గడియలో మూసినదాన్ని తెరిస్తే అరిష్టమని అవ్వా కొడుకూ ఒకే గొంతుతో అన్నారు. నాయన ఎప్పటిలాగే తల ఊపాడు. ఆ తల ఊపుడు మీద కూడా నాకు కోపమే.

తెల్లారి అక్క బస్సుకు పోతానంది. ఇంట్లో కారు పెట్టుకుని బస్సెందుకని చిన్నాయన ఆమె సంచీ లాక్కుని కారులో పెట్టాడు. నాయన ముందు, మేమిద్దరం వెనక. పుత్తూరు దాటేదాకా బాణంలా పోయింది. తర్వాత పంపు గొట్టాల్లో గాలి చిక్కి గరగరమంది, నీళ్ళు తిరగడం మానేశాయి, వేడి గాలి మింగిన ఇంజను బలం తగ్గించుకుంది. ఎంత తొక్కినా కారు ఈడ్చుకుంటూ పోతోంది. పాలక్యాను కట్టుకున్న సైకిలు ఒకటి మమ్మల్ని దాటింది. ఆపడం, బానెట్ ఎత్తడం, సీసాతో నీళ్ళు పోయడం, చల్లారేదాకా తుండుగుడ్డతో విసరడం, మళ్ళీ నాలుగు బారలు పోవడం. గొట్టాల్లో గాలి ఉండగా పైన ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

వెనక నుంచి తిరుపతి బస్సు వచ్చింది. అక్క రోడ్డు మీదికి దూకి చెయ్యి ఎత్తింది. చిన్నాయన ఆమె చెయ్యి పట్టి కిందికి లాగాడు.

"కార్లో బయల్దేరి బస్సెక్కితే నగరిలో నా మొగం యాడ పెట్టుకోవాల మే? ఇప్పుడే సల్లబడతాది సూడు."

డ్రైవరు ఒక క్షణం నెమ్మదించి, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయాడు. నాయన వేరే వైపు చూస్తున్నాడు.

మేం మైదానం చేరేసరికి సున్నం గీతలు తొక్కుడుపడి చెరిగిపోయాయి. ఎంపికైన పిల్లలు చెట్టు కింద పులిహోర తింటున్నారు. అక్క ఎవరినీ అడగలేదు. చెప్పులు విప్పి, ఖాళీ మైదానంలో ఒక్కతే ఒక చుట్టు పరుగెత్తి వచ్చి కారులో కూర్చుంది. చిన్నాయన గేటు దగ్గర ఎవరికో ఇంటర్‌కూలర్ గురించి చెబుతున్నాడు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు సగం కూడా లేదు. కారు ఏనాడో పాత ఇనుముకు పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చిన్నాయన మాత్రం ఇప్పటికీ పెళ్ళి పందిళ్ళలో, "మన రోడ్లకు అది తగదబ్బా," అంటూ కాలు మీద కాలేసుకుని చెబుతాడు. పెద్దవాడయ్యాడు కదా క్షమించరాదా అని మావాళ్ళు అంటారు. వయసు పెరిగినంత మాత్రాన మర్యాద పుట్టదు. ఆయనంటే నాకు అసహ్యం, అంతే.

అక్క రేణిగుంటలో ఒక గోడౌనులో సరుకు సర్దే పనిలో ఉంది. పోయిన నెల ఆమెను చూసి నేను నగరికి తిరిగి వస్తుంటే, తనకూ ఊళ్ళో పని ఉందని నాతో బయల్దేరింది. స్టాపు కనిపించే దూరంలో ఉండగానే బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపుతూ పరుగెత్తాను. కండక్టరు నన్ను చూసి ఆపించాడు. మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి, "రా అక్కా, పరుగెత్తు," అన్నాను.

అక్క నడుస్తూనే ఉంది.

"నువ్వు పో మే," అంది. "నేను ఎనకొచ్చే దాంట్లో వస్తా."