మచ్చలు చూసి డాక్టరును ఎంచుకున్న మాస్టారు

కటింగ్ మాస్టారి కుడి గజ్జలో కోడిగుడ్డంత వాపు వచ్చి అప్పటికి ఏడు నెలలయింది. పడుకుంటే లోపలికి పోయేది, నిలబడితే పిలవని చుట్టంలా బయటికొచ్చి కూర్చునేది. ఆ సంగతి మూడో కంటికి తెలియదని ఆయన నమ్మకం. తన ప్యాంట్లన్నిటికీ కుడివైపు పావంగుళం వదులు తానే పెట్టుకున్నాడు. దగ్గొచ్చినప్పుడల్లా ఏదో వెతుక్కుంటున్నట్టు జేబులో చెయ్యి పెట్టి, లోపల్నుంచి వాపును అదిమి పట్టుకునేవాడు.

"జేబులో ఏం దాచారండీ, నెలల తరబడి వెతుకుతున్నారు?" అంది భార్య ఒకరోజు, గుండీ కింద దారం చుడుతూ.

"చాక్‌పీసు."

"చాక్‌పీసు దగ్గితే బయటికొస్తుందా? ముప్పై ఏళ్ళుగా మీ ప్యాంట్లు ఉతుకుతున్నాను. కుడికాలు ఎందుకు వదులైందో తెలియనంత అమాయకురాల్ని కాను. వెళ్ళి చూపించుకోండి."

చూపించుకోవడానికి ఆయనకు భయం లేదు. ఆయన భయం కత్తెర గురించి.

వాళ్ళ టైలరింగ్ షాపు పెద్దదేం కాదు. ముందు కౌంటరు, మధ్యలో కటింగ్ బల్ల, వెనక రెండు మిషన్లు, మూలన తెర కట్టిన ట్రయల్ రూము. అక్కడ నియమం ఒకటే. కత్తెర పట్టినవాడు మాస్టారు, మిగతావాళ్ళు కుట్టేవాళ్ళు. బావమరిది పంతొమ్మిదేళ్ళుగా మిషన్ తొక్కుతున్నాడు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. మాస్టారికి అతనంటే భయం అందుకే. తాను కత్తెర ఎలా పట్టాడో ఆయన మరిచిపోలేదు. తన గురువుకు కంట్లో శుక్లం వచ్చి రెండు నెలలు ఇంట్లో ఉంటే, "అంతవరకూ నేను చూసుకుంటానండీ" అని తీసుకున్నాడు. గురువుగారు చూపు బాగై తిరిగొచ్చారు. కత్తెర మాత్రం తిరిగి వెళ్ళలేదు. ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

ఇంకో మూడు నెలల్లో బడి యూనిఫారాల సీజను. రెండు స్కూళ్ళు, వెయ్యీ చిల్లర జతలు. ఆరు వారాలు పొద్దున్నించి చీకటి పడేదాకా బల్ల దగ్గర నిలబడాలి, గుడ్డ థాన్లు ఎత్తాలి, దించాలి. ఈలోపు ఆపరేషన్ చేయించుకుని లేచి నిలబడగలిగితే కత్తెర ఉంటుంది. లేకపోతే బావమరిది కూడా "అంతవరకూ నేను చూసుకుంటాను బావా" అంటాడు.

మొదట పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పడుకోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది, దగ్గమని చూసింది.

"ఎప్పట్నుంచీ ఈ దగ్గు?"

"నూలు దుమ్మండీ. మా పనిలో మామూలే."

"మీ కండ పలచబడింది. రెండంచులూ దగ్గరికి లాగి కుట్టడం ఒక పద్ధతి. కొందరికి అది సరిపోతుంది కూడా. కానీ మీ వయసుకీ, ఆ దగ్గుకీ, ఆ బరువులకీ, లాగి కుడితే కుట్టు పక్కనే చిరుగుతుంది. వెనక మెష్ పెడదాం. దోమతెర ముక్కలాగా ఉంటుంది, లాగకుండా నిలబడుతుంది."

"అంటే అతుకా అమ్మా?"

"అతుకే అనుకోండి."

"మళ్ళీ రాదు కదా?"

"నేను చేసినవాటిలో నూటికి రెండు మూడు మళ్ళీ వచ్చాయి. రాదని మాటివ్వలేను. ముందు ఆ దగ్గు తగ్గించుకోండి, తర్వాత తేదీ ఇస్తాను."

మాస్టారు మొహం మాడ్చుకుని బయటికొచ్చాడు. ఇంటికొచ్చి భార్య మీద పడ్డాడు. "కుట్టేవాడు కుట్టు ఊడుతుందని ముందే చెప్పే షాపు ఎక్కడైనా ఉంటుందా? పైగా నాకు అతుకు! నాకు!"

"పిర్ర దగ్గర అరిగి పలచబడిన ప్యాంటు తెస్తే మీరేం చేస్తారు?" అందావిడ తల ఎత్తకుండా.

"వెనక గుడ్డ వేస్తాను."

"ఆవిడా అదే కదా అంది?"

"అది ప్యాంటు. ఇది నేను."

ఆ మాటతో ఆ రోజుకు చర్చ ముగిసింది. ఆయన బుద్ధి మాత్రం అప్పుడే వేరే దారి పట్టింది. ఊళ్ళో ఎవరు ఆపరేషన్ చేయించుకున్నారో ఆసుపత్రి రిజిస్టరు కన్నా ఆయన కొలతల పుస్తకం బాగా చెబుతుంది. "మాస్టారూ, ఈసారి బెల్టు కొంచెం పైకి పెట్టండి, అక్కడ ఒరుసుకుంటోంది" అన్నవాళ్ళందరి పేజీలకూ మూల మడిచి ఉంది. అలాంటివాళ్ళు ఐదుగురు తేలారు. ప్యాంటు నడుం ఊరికే సరిచేసి పెడతానని ఒక్కొక్కర్నీ పిలిపించాడు. తెర లాగి, గొంతు తగ్గించి, "మొహమాటపడకండి, మనం మనం మగాళ్ళం. మీ మచ్చ ఒకసారి చూపిస్తారా?" అని అడిగాడు.

చిత్రమేమిటంటే ఒక్కరూ కాదనలేదు. ఆపరేషన్ అయినవాడికి మచ్చ చూపించమని అడిగేవాడు దొరకడమే కష్టం.

పోగుల లెక్క చూసే భూతద్దం పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టాడు. పోస్టాఫీసు గుమస్తా మచ్చ గోనెసంచి మూతి కుట్టినట్టుంది. అది డాక్టరమ్మ చేతి పని.

"పదకొండేళ్ళయింది మాస్టారూ, ఒక్క రోజు ఇబ్బంది లేదు. రెండు బకెట్ల నీళ్ళు మూడో అంతస్తుకు మోస్తాను" అని ఆ మనిషి రెండుసార్లు చెప్పాడు. మాస్టారు వినలేదు. చూస్తున్నాడు. చూసి, చీదరించుకుంటున్నాడు.

రిటైరైన హెడ్మాస్టరుది చూడగానే మాత్రం ఆయనకు ఒళ్ళు పులకరించింది. వెంట్రుకంత గీత. ఎక్కడా ముడత లేదు, పీకుడు లేదు. "ఆహా, ఏం చేతిపనండీ!" అన్నాడు పైకే.

సరిగ్గా అప్పుడే భార్య తెర తీసింది. చేతిలో కాఫీ గ్లాసులు. హెడ్మాస్టరుగారి ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఉంది. తన మొగుడు ఆయన ముందు మోకరించి, భూతద్దం పట్టుకుని పరవశిస్తున్నాడు. ఆవిడ తెర మళ్ళీ మూసేసి, "కాఫీ కౌంటరు మీద పెడుతున్నా" అంది. మిషన్ చప్పుడు ఆగిపోయింది. బావమరిది భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

"ఎవరు చేశారండీ?" అన్నాడు మాస్టారు, తేరుకుని.

"పెద్దడాక్టరు. స్టేషను రోడ్డులో సొంత నర్సింగ్ హోము."

ఎన్నాళ్ళయిందని మాస్టారు అడగలేదు. నాలుగు నెలలే అయింది.

పెద్దడాక్టరు మాట చక్కెర పాకం. "రండి మాస్టారూ! చేతిపని వాళ్ళంటే నాకు గౌరవం. మీరు గుడ్డ కుడతారు, నేను మనిషిని కుడతాను. మనిద్దరిదీ ఒకటే వృత్తి" అన్నాడు.

"అతుకు వేస్తారాండీ?"

"అతుకులు చేతకానివాళ్ళకి. మీ కండ మీకుండగా పరాయి ముక్క ఎందుకు? దగ్గరికి లాగి మూడు వరసలు కుట్టేస్తాను."

"దగ్గు..."

"దగ్గు ఎవరికి లేదు? నాకూ ఉంది!" అని దగ్గి చూపించాడు.

"మళ్ళీ రాదు కదండీ?"

"నా చేతి మీదా?" అని పెద్దడాక్టరు నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు. ఇన్నాళ్ళూ కౌంటరు దగ్గర తాను నవ్వే నవ్వు అదేనని ఆయనకు స్ఫురించలేదు.

ఆపరేషన్ అయింది. పదో రోజున కుట్లు విప్పించుకోవడానికి వెళితే పెద్దడాక్టరు లేడు. థియేటరు సిస్టరమ్మ ఉంది. నలభై ఏళ్ళ మనిషి, చేతి వేళ్ళు సన్నగా, చురుగ్గా ఉన్నాయి. దారం ఒక్కొక్కటీ లాగుతుంటే మాస్టారు తల ఎత్తి గీత చూసుకుని మురిసిపోయాడు.

"ఏం కుట్టారమ్మా పెద్దడాక్టరుగారు! నా వృత్తిలో కూడా ఇంత సన్నగా కుట్టేవాణ్ణి చూళ్ళేదు."

సిస్టరమ్మ నవ్వింది. "పైకుట్టు నాదండీ. ఇరవయ్యేళ్ళుగా నేనే వేస్తున్నాను. ఆయన లోపలి పని ముగించి, గ్లవ్స్ తీసేసి వెళ్ళిపోతారు."

"మరి లోపల ఎలా కుట్టారో..."

"లోపలిది ఎవరు చూస్తారండీ?" అంది ఆవిడ మామూలుగా, దూది అందుకుంటూ.

ఆటోలో వస్తూ ఆయన ఈ సంగతిని తమాషాగా మార్చుకోవాలని చాలా ప్రయత్నించాడు. ఇంట్లో భార్య ప్యాంటు కాళ్ళు మడతకుడుతోంది. "విన్నావా? పేరు ఆయనది, చెయ్యి ఆవిడదిట! మనం హెడ్మాస్టరు ఒంటి మీద చూసిందంతా ఆ సిస్టరు పని! లోకం ఎలా ఉందో చూడు!"

భార్య దారం పంటితో తెంపింది. ఆ షాపులో మడతకుట్టు, గుండీల కాజాలు, కోటు లోపలి అస్తరు, అన్నీ ఆవిడ చేతివే. "మాస్టారి ఫినిషింగే ఫినిషింగు" అని గిరాకీలు మెచ్చుకున్నప్పుడల్లా ఆయన కౌంటరు దగ్గర తల వంచి నమస్కారం అందుకునేవాడు.

"ఎలా ఉందండీ లోకం?" అంది ఆవిడ.

ఆయన మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు.

సీజను మొదలైంది. రెండు వారాలు ఆయన బల్ల దగ్గర మహారాజులా నిలబడ్డాడు. మూడో వారం, ఒక మధ్యాహ్నం, బూడిదరంగు థాను భుజాన వేసుకుంటుండగా దగ్గొచ్చింది. లోపల ఏదో సర్రున జారింది. చప్పుడు ఎవరికీ వినపడలేదు. గుడ్డ కుట్టు పక్కన చిరిగినప్పుడు వేళ్ళకు ఎలా తెలుస్తుందో అలా తెలిసింది ఆయనకు.

ఆ సాయంత్రం షాపు మూశాక ఉండిపోయి, ప్యాంటు నడుంపట్టీ కాన్వాసు రెండు పొరలు, మధ్యలో గట్టి బక్రం గుడ్డ, రెండు కొక్కేలు, వాటికి రెండు కాజాలు పెట్టి తనకు తానే ఒక బెల్టు కుట్టుకున్నాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. అది బిగించి తొమ్మిది రోజులు నిలబడ్డాడు. పెదవులు తెల్లబడ్డాయి. "ఏం బావా, కూర్చోరాదూ" అని బావమరిది అంటే కసిరాడు. "నీకు కత్తెర మీద మోజుంటే తిన్నగా చెప్పరా!" అన్నాడు. అతను బిత్తరపోయాడు. తర్వాత రెండు రోజులు అతని మిషన్ తప్ప అతను మాట్లాడలేదు.

పదో రోజు వాపు ఎంత అదిమినా లోపలికి పోలేదు. రంగు మారింది, వాంతి అయింది. బెల్టు కొక్కేలు భార్యే విప్పింది. విప్పాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాజా మాత్రం వంకరగా వచ్చింది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ సాయంత్రమే థియేటరు సిద్ధం చేయించింది.

"అప్పుడు మళ్ళీ రాలేదేం? నేను తేదీ ఇస్తానన్నాను కదా?"

పోస్టాఫీసు గుమస్తా మచ్చ బాగాలేదని మాస్టారు ఎలా చెబుతాడు?

"మెష్ పెడుతున్నాను. ఈసారి అడగడం లేదు, చెబుతున్నాను. పేగు దెబ్బతినకపోతే అదృష్టం."

పేగు దక్కింది. మెష్ కూర్చుంది. కానీ పాత కుట్టులో ఒక నరం ముడిపడి, చుట్టూ గట్టిపడిపోయింది. విడదీయగలిగినంత మటుకు విడదీశానని ఆవిడ చెప్పింది. "ఎక్కువసేపు నిలబడితే లాగుతుంది. తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను." ఈసారి ఆయన ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

నెల తర్వాత పరీక్షకు వెళితే వరసలో ఆయన పక్కన హెడ్మాస్టరుగారు కూర్చుని ఉన్నారు. జేబులో చెయ్యి పెట్టుకుని దగ్గుతున్నారు. ఇద్దరూ ఒకర్నొకరు గుర్తుపట్టారు. ఇద్దరూ ఎదుటి గోడమీద కంటి పరీక్షల పట్టిక చదవడం మొదలుపెట్టారు, కింది వరస దాకా.

మాస్టారు షాపుకు తిరిగొచ్చేసరికి సీజను అయిపోయింది. వెయ్యీ చిల్లర జతలూ వెళ్ళిపోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. బావమరిది కోశాడు. తన కోసం కుర్చీ లాగబోయిన అతన్ని వద్దని, మాస్టారు నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చాక్‌పీసు తీశాడు. మోచేతులు ఆనించబోతే ఏదో తేడాగా ఉంది. బల్ల ఛాతీ దాకా వచ్చింది. కిందికి చూస్తే నాలుగు కాళ్ళ కిందా నాలుగు చెక్కలు, మేకులు కొట్టి, పాలిష్ కూడా పెట్టి ఉన్నాయి.

"నేను కొంచెం పొడుగు కదా బావా, నడుం పట్టేస్తోందని..." బావమరిది చేతులు నలుపుకున్నాడు. "తీయించేస్తాను. ఇప్పుడే వడ్రంగిని పిలుస్తా."

అన్నంత పనీ చేసేవాడే. అందులో సందేహం లేదు. ఒక్క తిట్టు తిట్టడానికి వీలిచ్చే మాట కూడా వాడి నోట రాకపోవడం మాస్టారికి అన్నిటికంటే బాధ కలిగించింది. ఒక ప్యాంటు ముందుభాగం మాత్రం గీశాడు. భుజాలు ఎత్తి గీయాల్సి వచ్చింది. గీత పూర్తయ్యేసరికి గజ్జలో నరం పట్టి లాగింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఉండనీరా. ఎత్తు బాగానే ఉంది" అన్నాడు.

భార్య తన పక్కనున్న గుడ్డల మూట తీసి కింద పెట్టి, బెంచీ మీద చోటు చేసింది. ఆయన కూర్చున్నాడు. ఆవిడ సూది ఎక్కించి ఇచ్చింది. "మడత సన్నగా పట్టండి. దారం లాగకండి. లాగితే పైకి కనిపిస్తుంది."

"నాకు తెలుసు."

"తెలుసులెండి."

ఆ సాయంత్రానికి ఆయన ఏడు ప్యాంట్లు మడతకుట్టాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు ఆవిడ వాటిలో మూడు విప్పి మళ్ళీ కుట్టింది.