ఓడలో మధ్య తలుపు

2022 వేసవి. విశాఖ రేవు నుంచి టూరిస్టు ఓడ వెళ్తోందని తెలిసిన వారంలోపే అనకాపల్లి మెయిన్ రోడ్డులో మా ట్రావెల్స్ కౌంటర్‌కి జనం రావడం మొదలైంది. అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను రైలు టికెట్లు, కాశీ యాత్రలు, తిరుపతి బస్సులు చూస్తున్నదాన్ని. ఓడ ఎక్కడం మాట అటుంచి, దాన్ని దగ్గరగా చూసింది కూడా లేదు. అయినా ఏ అంతస్తులో ఏ గది ఉందో చూపించే పటాన్ని, డెక్ ప్లాన్ అంటారు, బల్లమీద పరిచి ఓడలోనే పుట్టి పెరిగినట్టు చెప్పేదాన్ని. ఈ వ్యాపారంలో నా పెట్టుబడి నోరే.

మా బృందం పద్దెనిమిది మంది. అందులో ఒక బెల్లం వ్యాపారి కుటుంబం ఉంది. ఆయన, ఆయన భార్య వరహాలమ్మగారు, కొడుకు నాగరాజు, కోడలు లావణ్య. మాట్లాడడానికి వచ్చింది వరహాలమ్మగారే.

"మా నలుగురికీ ఒక్క సోటే ఇయ్యమ్మా. నడి సముద్రంలో కొడుకో మూల, మేమో మూల అంటే నాకు కునుకు పట్టదు" అన్నారు.

కనెక్టింగ్ కేబిన్లు ఇచ్చాను. అంటే పక్కపక్క గదులు, మధ్యలో ఒక దారి. దానికి అటొక తలుపు, ఇటొక తలుపు, ఎవరి గడియ వాళ్లది. ఇద్దరూ తీస్తేనే దారి. ఆవిడ సంతోషంగా వెళ్లారు, నేనూ గొప్పగా కుదిర్చానని మురిసిపోయాను.

మర్నాడు ఆధార్ జిరాక్సులు ఇచ్చే వంకతో లావణ్య ఒక్కతే వచ్చింది. ఎస్. రాయవరం అమ్మాయి, డిగ్రీ చదివింది, పెళ్లయి ఐదేళ్లు. కౌంటర్ ఖాళీ అయ్యేదాకా నిలబడి, "అక్కా, మాకు వేరే గది కావాలి. కిటికీ లేకపోయినా పర్లేదు. ఆ తలుపు మాత్రం వద్దు" అంది.

ఎందుకమ్మా అన్నాను. చెప్పింది. పిల్లలు లేరని ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఆమెనే అంటున్నారు. నాగరాజుకి మరో సంబంధం చూస్తున్నారన్న మాట కూడా చెవిన పడింది. మొగుడూ పెళ్లాం అత్తకి తెలియకుండా విశాఖలో పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టులు ఆమె ఫోనుకి వచ్చాయి. లోపం అతనిలో ఉంది.

"రిపోర్టు వచ్చిందా అని ఆయన సైగ చేసి అడుగుతున్నారక్కా. ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపుతున్నాను."

"ఫోన్లో చెప్పెయ్యొచ్చు కదే?"

"ఇది ఫోన్లో చెప్పే మాటా? ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. ఆ ఇంట్లో మా గదికి గోడ పైకప్పుదాకా ఉండదు, సగం చెక్కే. దగ్గినా అత్తయ్యకి వినిపిస్తుంది. ఆవిడ చెవిన పడిందంటే ఆయన తలెత్తుకోలేరు. మందులున్నాయని డాక్టరు చెప్పేరు. నాకు ఒక్క గంట కావాలక్కా, అంతే."

ఓడ నిండిపోయింది, వేరే గది లేదు. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "మీ వైపు గడియ పెట్టుకో. ఇక అది తలుపు కాదు, గోడే" అని ధైర్యం చెప్పాను. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం నాకు అలవాటైపోయింది.

బృందాన్ని వెంటబెట్టుకుని నేనూ ఓడ ఎక్కిన సాయంత్రమే నా మాట ఎంత తప్పో తెలిసింది. నా గదికీ అలాంటి మధ్య తలుపే ఉంది. రెండు వైపులా గడియలు పెట్టే ఉన్నాయి. అవతలి గదిలో ఒక పెద్దాయన బీపీ మాత్ర వేసుకోమని భార్యని బతిమాలుతుంటే ప్రతి మాటా నా మంచం మీదికి వచ్చింది. మనిషిని ఆపే తలుపు మాటని ఆపదు.

పొద్దున్న టిఫిన్ల దగ్గర లావణ్యని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పాను. "మధ్యాహ్నం మూడింటికి పైన తంబోలా ఆట ఉంది. మీ అత్తమామల్ని నేను తీసుకుపోతాను. నాలుగున్నరదాకా కదలనివ్వను. నువ్వు మాట్లాడుకో" అన్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

తంబోలా మొదలై పావుగంట కాలేదు, వరహాలమ్మగారు టికెట్టు కింద పెట్టేశారు. "తల తిరిగిపోతందమ్మా. గదికి పోతాను." నిమ్మరసం తెప్పించాను, గాలి తగిలే చోట కూర్చోబెట్టాను. వినలేదు. భర్త ఆటలో మునిగిపోయి ఉన్నారు. చేసేది లేక చెయ్యి పట్టుకుని నేనే దింపాను.

గదిలో ఆవిడ మంచం మధ్య తలుపుని ఆనుకుని ఉంది. పడుకోబెట్టి, గ్లాసులో నీళ్లు పోస్తున్నాను. అవతల నుంచి లావణ్య గొంతు వచ్చింది.

"మీరలా తల దించుకోకండి. ఆరు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. పిల్లలు కలగకపోయినా నాకు మీరు చాలు."

నాగరాజు ఏడుస్తూ అన్నాడు. "ఇన్నాళ్లూ అందరిసేతా నిన్ను మాట అనిపించేను. సోమవారం డాక్టరు కాడికి ఎల్దాం. ఇద్దరం ఎల్దాం. అమ్మకి నానే సెప్తాను, కాస్త టైమియ్యి."

నేను ఒక్కసారి దగ్గితే వాళ్లు ఆగేవాళ్లు. టీవీ రిమోట్ నా చేతి పక్కనే ఉంది. ఎందుకు దగ్గలేదంటే, భయపడి కాదు. ఆ కుర్రాడు ఏమంటాడో వినాలనిపించింది. అంతే. ఆ బుద్ధిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

వరహాలమ్మగారి తల తిరుగుడు ఏమైందో, లేచి తన వైపు గడియ లాగి అవతలి తలుపు మీద రెండు చేతులతో బాదారు. "తియ్యరా నాగా! తియ్యి!"

నాగరాజు తలుపు తీశాడు. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నా కొడుకులో లోపమా? ఏటే, ఏటి కూసేవు?"

లావణ్య మొగుడి వైపే చూసింది. అతను తల్లిని చూశాడు, ఆవిడ వెనక గ్లాసుతో నిలబడ్డ నన్ను చూశాడు. పరాయి మనిషి ముందు ఏ మగాడు ఒప్పుకుంటాడు?

"అబద్ధమమ్మా. ఆ రిపోర్టు ఎవులిదో. నాకేటీ లేదు."

"ఇప్పుడే కదా సోమవారం ఎల్దాం అన్నారు" అంది లావణ్య మెల్లగా.

వరహాలమ్మగారు నా వైపు తిరిగారు. "నువ్వూ ఇక్కడే ఉన్నావు గదా. ఆడలా అన్నాడా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ప్రయాణికుల గదుల్లో మాటలు మన నోట రాకూడదని ఈ వృత్తిలో చెప్పుకుంటాం. మంచి నియమమే. ఆ క్షణంలో నేను దాని చాటున దాక్కున్నాను.

"నాకేం వినబడలేదు పిన్నిగారూ" అన్నాను.

లావణ్య ఏడవలేదు. బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఓడ విశాఖ చేరాక రేవు నుంచే ఆమెని ఎస్. రాయవరం పంపేశారు. దొంగ కాగితం పుట్టించిందని పెద్దమనుషుల్లో పెట్టి తెగతెంపులు చేసుకున్నారు. ఏడాది తిరక్కుండా నాగరాజుకి సబ్బవరం సంబంధం చేశారు.

మధ్యలో ఒకసారి లావణ్య దగ్గరికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది. "నువ్వొక్క మాట చెప్పుంటే ఆయన కాదనలేకపోయేవారక్కా" అంది. కోపంగా కూడా అనలేదు. నేను ఆ గ్లాసు పూర్తిగా తాగలేకపోయాను.

ఇప్పుడు ఏ గది అమ్మినా ముందు అందులో నేను పడుకుని వింటాను. వచ్చి మాట్లాడిన మనిషినే కాదు, ఆ గదిలో ఉండబోయే వాళ్లందరినీ అడుగుతాను. ఇవి పనికొచ్చే పాఠాలే. అసలు పాఠం వేరే ఉంది. వినకూడని చోట చెవి ఒగ్గాను, చెప్పాల్సిన చోట నోరు మూశాను. గుట్టు కాపాడటమంటే ఈ రెండూ కాదు.

కిందటి నెల వరహాలమ్మగారు కౌంటర్‌కి వచ్చారు. వెనక కొత్త కోడలు, చేతిలో ఆసుపత్రి ఫైలు. హైదరాబాదుకి రెండు టికెట్లు కావాలన్నారు.

"అబ్బాయి రావట్లేదా?"

"ఆడెందుకు? మూడేళ్లయినా దీనికే కడుపు పండలేదు."

కంప్యూటర్ మీంచి చేతులు తీశాను. "మూడు తీసుకోండి పిన్నిగారూ. ఆ రోజు ఓడలో నాగరాజు అన్నది నేను కూడా విన్నాను."

ఆవిడ మొహం నల్లబడింది. "ఇన్నాళ్లకి వినపడిందేటి నీకు?" అని విసురుగా మెట్లు దిగిపోయారు.

ఆ అమ్మాయి మాత్రం వెంటనే కదల్లేదు. ఫైలు గుండెలకి హత్తుకుని నా మొహంలోకి చూస్తూ, "ఏటి విన్నారండీ?" అంది.

కూర్చోమని కుర్చీ చూపించాను.